పటమునకు పేరు పెట్టుడు, సంఖ్యను యంత్రమునకు విడువుడు

గ్రంథమున నొక యక్షరము తప్పినచో చదువరి దానిని తానే దిద్దుకొని ముందునకు సాగును. అంకె తప్పినచో నట్లు కాదు. అది తప్పని యతనికి తోపనే తోపదు. తప్పుటంకెయు ఒప్పుటంకెవలెనే ధైర్యముగా కనబడును. దీర్ఘములైన వ్యాసములందు పటములకు వేయు సంఖ్యలను గూర్చి నా యభిప్రాయమును ఈ సంచికలో విన్నవింపబూనుటకు ఇదియే కారణము.

గడచిన సంవత్సరము మా పై తరగతుల విద్యార్థులు కొందఱు నల్లగండ్ల చెరువును గూర్చి యొక నివేదికను వ్రాసిరి. గట్టు, నీటిమట్టము, పక్షులు, చుట్టును లేచిన మేడలు, మురుగునీరు చేరు చోటు మొదలగు వానిని 40 పుటలలో 23 పటములతో వర్ణించిరి. దానిని దిద్దినవాడను నేనే. సమర్పించుటకు ముందునాటి రాత్రి యొక బాలిక చెరువులోనికి నీరు వచ్చు కాలువ పటమును క్రొత్తగా గీసి తెచ్చెను. అది మంచి పటము. దానిని 5వ స్థానమున చేర్చితిమి. అంతట 5వది 6వది యయ్యెను, 6వది 7వది యయ్యెను. ఇట్లే తుదివఱకును మాఱెను. పటముల క్రింది యంకెలనన్నిటిని దిద్దితిమి గాని, వ్యాసము నడుమ “ఫలానా పటమును చూడుడు” అని వ్రాసిన చోట్లు కొన్ని మా కన్నుగప్పి నిలిచిపోయెను.

మఱునాడు సభలో పెద్దలొకరు “మురుగునీరు చేరు చోటు 12వ పటమున గలదు” అను వాక్యమును చదివి పుట త్రిప్పగా, అందు రెండు కొంగలు కనబడెను. అందఱును నవ్విరి. ఆ బాలిక మాత్రము నవ్వలేదు. ఆమె చెప్పినది సత్యము, కొలతలు సరియైనవి. అయినను ఆ నవ్వు పిదప మురుగునీటి మాట యెవరి చెవికిని ఎక్కలేదు. తప్పు నాది. నష్టము ఆమెది, ఆ చెరువుది.

ఇంకొక విషయమును దాచక చెప్పెదను. ఆ రాత్రి పటమును చూచినంతనే, “ఇప్పుడిది వలదు, అంకెలన్నియు మాఱును” అనుటకు నా నోరు తెఱవబడినది. అంకెలు మార్చు శ్రమకు వెఱచి మంచి పటమును త్రోసివేయ దలచితిని! చేతితో సంఖ్యలు వేయుటలో గల యసలు హాని ఇదియేయని నా నమ్మకము. అది పొరపాటులను పుట్టించుటయే గాక, వ్రాసినదానిని మెఱుగుపఱుచు కోరికనే చంపివేయును.

ఈ చిక్కు మాతోనే పుట్టినది కాదు. 1906వ సంవత్సరమున హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథములను ప్రకటింపబూనిన కాలమున, లోహపు టక్షరములను కూర్చువాడు ప్రతి యంకెను చేతితోనే పేర్చవలసి యుండెను. పటము నడుమ చేరినచో అచ్చుచిత్తులన్నిటిని మరల చూడవలసినదే. నేడట్టి యగత్యము లేదు. 1973 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జో ఒస్సన్నా అనునతడు ట్రాఫ్ అను కూర్పు సాధనమును నిర్మించెను. అందు లెక్కలను భద్రపఱుచు చిన్న గూళ్లు కలవు. ఆజ్ఞ యిచ్చినప్పుడెల్ల గూటిలోని సంఖ్య ఒక్కటి పెరుగును. 1977లో డొనాల్డ్ నూత్ అను గణకశాస్త్రాచార్యుడు తన గ్రంథపు క్రొత్త కూర్పు అచ్చుచిత్తులను చూచి, అక్షరముల వికారమునకు నొచ్చుకొని, టెక్ అను సాధనమును తానే నిర్మింప నారంభించెను. దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980 తరువాతి యేండ్లలో లేటెక్ అను మాక్రోల సముదాయమును కట్టెను.

మాక్రో యనగా నేమి? మన బాలబాలికలకు వ్యాకరణమునుండియే ఉపమానము చెప్పవచ్చును. చిన్నయసూరి తన బాలవ్యాకరణమును సంజ్ఞలతో మొదలుపెట్టెను. క, చ, ట, త, ప అను నైదింటిని మాటిమాటికి వల్లింపక “పరుషములు” అను నొక్క పేరు పెట్టుకొన్నచో సూత్రము పొట్టి యగును, తప్పును తగ్గును. మాక్రో యనునదియు నట్టి సంజ్ఞయే. పెక్కు ఆజ్ఞలకు ఒక్క పేరు. “పటము వచ్చినది” అని పేరు చెప్పినంతనే యంత్రము లెక్కను ఒకటి పెంచి, సంఖ్య వేసి, వివరణను క్రింద నిలుపును. గ్రంథమున అధ్యాయము మాఱినప్పుడు ఆ లెక్క సున్నకు మరలి, 3వ అధ్యాయపు రెండవ పటము 3.2 అగును.

వ్రాయువాడు చేయవలసినది ఒక్కటే: పటమునకు అంకె గాక పేరు పెట్టుట. “మురుగు-చోటు” అని పటమునకు గుర్తు వేసి, వ్యాసము నడుమ “మురుగు-చోటు పటము” అని యా పేరుతోనే పిలువవలెను. యంత్రము మొదటి పర్యాయము వ్యాసమును నడిపినప్పుడు ఏ పేరునకు ఏ సంఖ్య వచ్చినదో వేఱొక చిట్టాలో వ్రాసికొనును; రెండవ పర్యాయము ఆ చిట్టాను చూచి సంఖ్యలను తగు చోటులందు నింపును. ముందు పుటలో నుండి వెనుక పుటలోని పటమును చెప్పవలసినప్పుడు దాని సంఖ్య యింకను తెలియదు గనుకనే ఈ రెండు నడకలు. ఒక హెచ్చరిక: లేటెక్‌లో గుర్తును వివరణకు పిదపనే వేయవలెను. ముందుగా వేసినచో పటము సంఖ్యకు బదులు ప్రకరణపు సంఖ్య వచ్చి కూర్చుండును.

పేరు చిట్టాలో దొరకనిచో లేటెక్ ఆ చోట రెండు ప్రశ్నార్థకములను అచ్చువేసి, హెచ్చరికయు చేయును. నా కీ గుణము మిక్కిలి ప్రియము. తెలియనిదానిని తెలియదని చెప్పు యంత్రము, తెలిసినట్లు 12 అని వ్రాసిన నా చేతికంటె నిజాయితీ గలది గదా!

కొందఱు పెద్దలు, “ఇట్లయిన పిల్లలు సోమరులగుదురు, లెక్కించుటయు నొక విద్యయే” అని యాక్షేపింతురు. లెక్కించుట విద్యయే, సందేహము లేదు. దానికి గణితపు గంట కలదు. వ్యాసమున పటమునకు వేయు సంఖ్య జ్ఞానము కాదు, చిరునామా మాత్రమే. ఇంటి సంఖ్య మాఱినచో ఇంటివాని పేరు మాఱదు. పిల్లలు ఆలోచింపవలసినది ఈ పటమేమి చెప్పుచున్నది, దీనికి తగిన పేరేది, ఇది యిచ్చట నుండవలెనా యని. పేరు పెట్టుమన్నచో ఈ యాలోచన తప్పదు. అంకె వేయుమన్నచో అక్కఱ లేదు. కావున యంత్రము సోమరితనమును గాక బుద్ధికి పనిని కల్పించుచున్నదనియే నా వాదము.

అయినను యంత్రము సర్వజ్ఞము కాదు. మురుగునీటి మాట చెప్పుచు కొంగల పటము పేరు వ్రాసితిమేని, అది కొంగల సంఖ్యనే తప్పక వేయును. కడపటి పరీక్ష మనదే. వర్డ్ మొదలగు సాధనములలోను వివరణలకు సంఖ్యలు వేసి, వానిని వ్యాసమున ప్రస్తావించు సౌకర్యము కలదు గాని, అవి తమంత తాము వెంటనే మాఱకుండుటయు కలదు. వర్డ్‌లో వ్యాసమంతయు ఎంచుకొని ఎఫ్9 మీటను నొక్కినగాని పాత యంకెలే నిలుచును.

తల్లిదండ్రులారా, మన నల్లగండ్ల ప్రక్కనే 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు; కొలది దూరమున 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ కలదు. మీలో అనేకులు యంత్రములకు ఆజ్ఞలు వ్రాయుటయే వృత్తిగా గలవారు. పగలెల్ల కార్యాలయమున యంత్రముచే లెక్కింపజేయు తండ్రి, రాత్రి యింట కుమారుని నివేదికకు చేతితో అంకెలు దిద్దుట నేను చూచితిని! టెక్, లేటెక్ అనునవి ఉచితముగా లభించును. 2004లో జొనాథన్ క్యూ జీటెక్‌ను వెలువరించిన పిదప యూనికోడ్ తెలుగు లిపితో నేరుగా వ్రాయుటయు సులభమైనది. 8వ తరగతి మొదలు ప్రతి నివేదికయందును పటములకు పేర్లు పెట్టు నియమమును మన పాఠశాల స్వీకరింపవలెనని నా మనవి. నెలకొక్క సాయంకాలము మీలో నొకరు వచ్చి నేర్పినచో చాలును.

ఈ సంవత్సరము ఆ బాలికయే చెరువు నివేదికను మరల వ్రాయుచున్నది. మొన్న ఇంకొక పటము తెచ్చి, “అయ్యగారూ, ఇప్పుడు చేర్చవచ్చునా?” అని యడిగెను. “నడుమనే చేర్చుమమ్మా” అంటిని.