పరసోం వెళ్ళిన గొంతు

హైదరాబాదు పాతబస్తీలో ఎవరైనా ‘పరసోం’ అంటే మొన్న అని అర్థం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. పదేళ్ళ కిందటిదీ పరసోమే, తాతగారి పెళ్ళీ పరసోమే. ఆ లెక్కన రేడియో నటుడు మహమూద్ అలీ ఈ ఊరు విడిచిందీ పరసోమే.

1928లో ఇక్కడ పుట్టాడు. దేశ విభజన తర్వాత కరాచీ చేరి రేడియో పాకిస్తాన్‌లో నటుడయ్యాడు. 2008 జూలైలో అక్కడే కన్నుమూశాడు. హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిసిన 1948 గురించి మనం రాసుకున్న పుస్తకాల నిండా సైన్యాలు, రజాకార్లు, సంతకాలు. ఆ ఏళ్ళలో ఊరు దాటిపోయిన గొంతుల జోలికి మనం అంతగా పోలేదు. మా పత్రికా ఇందుకు మినహాయింపు కాదు.

రేడియో నటుడి బతుకు చిత్రమైనది. ముసలితనం వచ్చినా, మీసం మొలిచినా అంతా గొంతులోనే. ఒకే మైకు చుట్టూ నలుగురు నిలబడతారు. చేతిలో కాగితం చప్పుడు చేయకూడదు. గుమ్మంలోంచి పిలిచినట్టు వినబడాలంటే రెండడుగులు వెనక్కి వేసి పిలవాలి. దక్కన్ నుంచి వెళ్ళినవాడికి ఇంకో తంటా కూడా ఉంది. ఉర్దూలో కొండనాలుక దగ్గర పలకాల్సిన ‘క’ మనవాళ్ళ నోట ‘ఖ’ అవుతుంది. దగ్గర అని చెప్పే ‘కరీబ్’ కాస్తా ‘ఖరీబ్’ అయిపోతుంది. ఢిల్లీ, లక్నోల నుంచి కరాచీ వచ్చినవాళ్ళకి ఇదో నవ్వులాట. అలాంటి నగరంలో మహమూద్ అలీ మాటనే నమ్ముకుని బతికాడు. ‘హామిద్ మియాఁ కే హాఁ’ అనే రేడియో ధారావాహికతో వారం వారం శ్రోతల ఇళ్ళలోకి వెళ్ళాడు.

ఆయన పేరు చెప్పగానే పాకిస్తాన్‌లో పాతతరం వాళ్ళకి గుర్తొచ్చేది మాత్రం ‘తాలీమ్-ఎ-బాలిగాఁ’. అంటే వయోజన విద్య. రాసింది ఖ్వాజా మొయినుద్దీన్, ఆయనా హైదరాబాదువాడే. రంగస్థలం మీద పండిన ఈ నాటకం కరాచీ టీవీ కేంద్రం తొలి రోజుల్లో తెరకెక్కింది. ఆ నలుపు తెలుపు బొమ్మ ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఒక బడి. విద్యార్థులు కసాయి, మంగలి, చాకలి వగైరా. పంతులు మౌల్వీ సాబ్, మన మహమూద్ అలీ. జీతం రాని పంతులు. శిష్యులకి అక్షరం రాదు, లోకం మాత్రం బాగా తెలుసు. తరగతిలో మట్టికుండలుంటాయి. వాటి మీద జిన్నా ఇచ్చిన నినాదంలోని మాటలు రాసి ఉంటాయి: ఐక్యత, విశ్వాసం, క్రమశిక్షణ. కుండలేమో పగిలినవి. దేశం పుట్టి ఇరవై ఏళ్ళయినా తిరగకముందు ప్రభుత్వ టీవీలోనే ఈ వెటకారం సాగిందంటే ఆశ్చర్యమే. మౌల్వీ సాబ్ పెద్దరికానికీ, ఆకలికీ మధ్య ఊగిసలాడే మనిషి. ఆ పాత్రని వెకిలి చేయడం చాలా సులువు. మహమూద్ అలీ చేయలేదు. శిష్యుల దగ్గర చేయి చాచేటప్పుడు కూడా గొంతులో పంతులు పంతులుగానే ఉంటాడు. చాచిన చేతిని చూసి నవ్వొస్తుంది, ఆ గొంతు విని బాధేస్తుంది. రేడియోలో ఏళ్ళ తరబడి సానపట్టిన గొంతు కాబట్టే అది కుదిరిందని మా నమ్మకం.

షౌకత్ సిద్దిఖీ నవల ‘ఖుదా కీ బస్తీ’ ఆధారంగా వచ్చిన టీవీ ధారావాహికలోనూ మహమూద్ అలీ ఉన్నాడు. మొయినుద్దీన్ మాత్రం 1971లోనే పోయాడు. గాలిబ్‌ని కరాచీ బందర్ రోడ్డు మీదికి దింపిన నాటకం కూడా ఆయనదే. రేడియో పాకిస్తాన్ పాత భవనం ఆ రోడ్డు మీదిదే.

కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది. అక్కడి ఊరగాయలకి ఊరంతా పేరు. బగారా బైంగన్, ఖట్టీ దాల్ కూడా దొరుకుతాయి. ఊరు వదిలినా పులుపు వదల్లేదన్నమాట. మరి యాస? మేం ఆ పాత నాటకం పెట్టుకున్న ప్రతిసారీ మౌల్వీ సాబ్ నోటి నుంచి ఒక్క ‘ఖ’ అయినా జారుతుందేమోనని చెవి రిక్కించి వింటున్నాం.