వేసవి ప్రాజెక్టు

ఎం.బి.ఎ. చదివే పిల్లలు వేసవిలో సింగరేణిలో ప్రాజెక్టు చేయడం గోదావరిఖనివారు ఎరిగినదే. పలువురు ఎన్నుకొనే అంశం కార్మికుల గైర్హాజరు, అంటే మన నాగాలు. పాత రిపోర్టుకు నకలు తీసి సర్టిఫికెట్ తెచ్చుకొన్నవారినీ మేము చూచాము. రెండు నెలలు దండుగ!

మేమెరిగిన ఒక అమ్మాయి తన ప్రశ్నల కాగితం గని కార్మికుడైన తండ్రికే ఇచ్చింది. ఆయన చదివి, "నాగా ఎందుకు పెట్టినవని అడిగినవ్ గని బిడ్డా, బాయిల దిగినంక ఎట్లుంటదో అడగవైతివి" అన్నాడు.

1952 నాటి గనుల చట్టం వేతన సెలవుకు ఉపరితలంలో 240 హాజర్లు కోరి, భూగర్భంలో దిగేవారికి 190 చాలునన్నది. ఆ 50 హాజర్ల తేడా ఎందుకో ఆ కాగితంలో లేదు. మరునాడు మొదటి షిఫ్టు వేళకు ఆమె తండ్రి వెంట గని గేటుదాకా నడిచింది.