ఏ గేజ్‌తోని చూసినవ్?

"పీఎస్4 మీద మంచిగ నడుస్తదా అన్నా?"

ఈ ప్రశ్న 2020 డిసెంబరు 10 రాత్రి పదకొండింటికి నా ఫోన్‌కు వచ్చింది. అడిగింది నాచారంలో మా వెనక వీధి కుర్రాడు. ఇంటర్ చదువుతున్నాడు. కరోనా వల్ల కాలేజీ లేదు. పారిశ్రామికవాడలో ఒక ప్యాకింగ్ యూనిట్‌కు పోయి అట్టపెట్టెలు కట్టి, నాలుగు రాళ్లు దాచుకున్నాడు. ఆ రోజు తెల్లవారుజామున ఐదున్నరకు 'సైబర్‌పంక్ 2077' తెరుచుకోగానే మేం నలుగురం హెచ్‌ఎంటీ నగర్‌లో మిత్రుడి డాబా మీది గదిలో కూర్చున్నాం. వంతులవారీగా ఆడుతూ, చీకటి పడ్డాక సమీక్ష వీడియో తీసి మా చిన్న తెలుగు యూట్యూబ్ చానెల్లో పెట్టేశాం. పదికి పది.

మిత్రుడి పీసీలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాని ఖరీదు ఆ కుర్రాడి ఇంట్లోని టీవీ, పాత పీఎస్4 కన్సోల్ రెండూ కలిపినా రాదు. ఆ మాట వీడియోలో ఎక్కడా అనలేదు. పీఎస్4 మీద ఆ ఆట ఒక్క నిమిషం కూడా మేం చూడలేదు. అయినా జవాబు వెళ్లింది: "కండ్లు మూసుకొని కొనెయ్ తమ్మీ." రాసింది నేను. పక్కన ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. ఎవరూ ఆపలేదు.

వాడు డిస్కు కొన్నాడు. మూడో రోజు మా ఇంటికి వచ్చి తన ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. రోడ్డు మీద మనుషులు ముఖాలు లేకుండా, మైనపు ముద్దల్లా నిలబడి ఉన్నారు. కారు భూమిలోకి కూరుకుపోతోంది. గంటకోసారి ఆట మొత్తం మూసుకుపోయి, నీలం తెర మీద తప్పు జరిగిందన్న సందేశం వస్తోంది. "నాదే ఖరాబైందా అన్నా?" అని అడిగాడు. తన మెషీన్ చెడిపోయిందేమోనని భయపడ్డాడే తప్ప, మేం చెప్పింది తప్పని వాడికి తోచలేదు.

మాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి లేదు. విడుదలకు మూడు రోజుల ముందు, డిసెంబరు 7న, ప్రపంచంలోని పెద్ద సమీక్షలు చాలా వచ్చాయి. ఆ సమీక్షకులందరికీ ఆట తయారుచేసిన కంపెనీ పీసీ కాపీలే ఇచ్చింది. కన్సోల్ మీద ఎలా ఉందో చూడనివ్వలేదు. తాము ఆడిన దృశ్యాలు చూపించడానికి కూడా ఒప్పుకోలేదు, కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడాలన్నారు. ఇవన్నీ ఆ సమీక్షల్లోనే రాసి ఉన్నాయి. మా గదిలో ఒకడు చదివి వినిపించాడు కూడా. పీఎస్4 మీద ఎవరికీ ఎందుకివ్వలేదో, అన్నాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఉంటే చాలు. ఆగలేదు. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన ఆట అది. మాకు ముందే ప్రేమ ఉంది, ఆ ప్రేమకు అంకె ఒక్కటే తక్కువైంది.

డిసెంబరు 14న కంపెనీ క్షమాపణ చెప్పింది, పాత కన్సోళ్ల మీద ఆట ఎలా ఉందో విడుదలకు ముందు చూపించకపోవడం తమ తప్పేనని. 18న పీఎస్4 తయారుచేసిన సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి ఆటనే తీసేసింది, డిజిటల్‌గా కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ అది అక్కడ కనిపించింది 2021 జూన్‌లోనే. కుర్రాడు కొన్నది డిస్కు. సీలు తీసిన డిస్కును దుకాణంవాడు తీసుకోనన్నాడు. సరిహద్దులు దాటి క్షమాపణలు వస్తుంటే, ఒక్క వీధి అవతల ఉన్న మేం ఒక్క ముక్క చెప్పలేకపోయాం. వీడియో తీసేయలేదు. అంకె మార్చలేదు. వీడియోకు అప్పటికే వచ్చిన వ్యూస్ మాకు తీపిగా ఉన్నాయి.

ఈ జబ్బు ఆ రాత్రి పుట్టింది కాదు. మేం ఆటలు నేర్చుకున్నది ఉప్పల్లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో. గంటకు ఇరవై రూపాయలు. తర్వాత్తర్వాత ఆన్‌లైన్‌లో సెంటర్‌కు ఐదు నక్షత్రాలు ఇస్తే ఒక గంట ఉచితమన్నాడు నడిపే అన్న. బడి సంచులతో నిలబడి అందరం ఇచ్చాం. సగం కంప్యూటర్లలో మౌస్ పనిచేసేది కాదు, ఆ సంగతి ఒక్కరం రాయలేదు. మా జీవితంలో మేం మొదటగా అమ్మిన వస్తువు మా మాటే. గంట ఆటకు అమ్మాం.

పెద్దయ్యాక అమ్మకానికి మంచి పేర్లు దొరికాయి. 2012 మార్చిలో రెండు కథలు దాదాపు ఒకేసారి చదివాం. మొదటిది ఆటల సమీక్షకుడు జెఫ్ గెర్ట్స్‌మన్‌ది. 'కేన్ అండ్ లించ్' అనే ఆటకు 10కి 6 ఇచ్చిన కొద్దిరోజులకే, 2007 నవంబరులో, గేమ్‌స్పాట్ అనే సమీక్షల సైటు ఆయనను ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పుడు ఆ సైటు నిండా ఆ ఆట ప్రకటనలే. మధ్యలో ఒప్పందం వల్ల నోరు విప్పలేకపోయిన ఆయన, ప్రకటనకర్తల ఒత్తిడి గురించి 2012లో బయటికి చెప్పాడు. రెండోది ఆటలు తయారుచేసే అబ్సిడియన్ స్టూడియోది. వాళ్ల 'ఫాల్అవుట్: న్యూ వెగాస్'కు సమీక్షల మార్కులన్నీ కలిపి లెక్కగట్టే మెటాక్రిటిక్ సైటులో సగటు 85 వస్తే బోనస్ ఇస్తామన్నారు. 84 వచ్చింది. బోనస్ రాలేదు.

మొదటి కథ చదివి, నిజం చెబితే ఎంత మూల్యమో తెలుసుకొని ఆయన పక్కన నిలబడాల్సింది. మేం నేర్చుకున్నది భయం. రెండో కథ నుంచి నేర్చుకున్నది జాలి. ఎక్కడో ఎవరో రాత్రింబవళ్లు కష్టపడి చేశారు, వాళ్ల జీతం మన ఒక్క మార్కు మీద ఆధారపడి ఉంది, మనమెందుకు ఆ ఒక్క మార్కు కోసెయ్యాలి అనుకున్నాం. తయారుచేసినవాళ్ల కడుపు గురించి ఆలోచించాం, కొనేవాడి కడుపు గురించి ఆలోచించలేదు. అందుకే మా చేతికి పది తేలికైంది. జపాన్ ఆటల పత్రిక ఫామిట్సులో నలుగురు సమీక్షకులు తలా పది మార్కులు వేస్తారు. 1986లో మొదలైన ఆ పత్రిక మొట్టమొదటి 40కి 40 ఇచ్చింది 1998లో, 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'కు. పన్నెండేళ్లు పట్టింది. తర్వాత వాళ్లూ ధారాళమయ్యారన్న విమర్శ ఉంది, అది వేరే సంగతి. మా చానెల్ మొదటి ఏడాదిలోనే తొమ్మిది ఆటలకు పదికి పది ఇచ్చింది.

ఆ జాలి ఎవరిని ఎక్కువ దెబ్బతీసిందో చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. మాలో ఒకడు పగలు ఉద్యోగం చేసి, రాత్రిళ్లు ఒంటరిగా ఫోన్ ఆట ఒకటి తయారుచేశాడు. రెండేళ్ల కష్టం. చెరువు కట్ట, గాలిపటాలు, ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్, అన్నీ మన పక్కనుంచి తీసుకున్న బొమ్మలే. ప్లేస్టోర్‌లో పెట్టిన సాయంత్రం మా మిత్రుల గ్రూపులో లింకు పడింది. పది నిమిషాల్లో నలభైమందిమి ఐదేసి నక్షత్రాలు ఇచ్చేశాం. "సూపర్ మామా", "తోపు గేమ్" అని రాశాం. అప్పటికి ఇంకా డౌన్‌లోడ్ కానివాళ్లు కూడా రాశారు. నేను మరుసటి రోజు ఆడాను. ఇరవై నిమిషాలకు ఫోన్ కాలిపోతున్నట్టు వేడెక్కింది. నాలుగో అంచెలో ఒక గాలిపటం దారం తెగితే ఆట ముందుకు పోదు, వెనక్కీ రాదు. ఇంకో ఇద్దరికీ అదే అనుభవం. ముగ్గురం మాలో మేం చెప్పుకున్నాం. వాడికి మాత్రం చెప్పలేదు. పాపం, సంతోషంగా ఉన్నాడు కదా అన్నాం.

తర్వాత తెలియనివాళ్లు ఆడారు. ఒక్కో నక్షత్రం ఇచ్చిపోయారు. వాడు వాళ్లను నమ్మలేదు. నలభైమంది సొంతవాళ్లు ఐదు ఇచ్చాక ఊరూ పేరూ లేని ఒకటిని ఎవడు నమ్ముతాడు? ఎవరో కావాలని చేస్తున్నారనుకున్నాడు. అసలు లోపం తెలుసుకొని సరిచేసేసరికి ఆరు నెలలు గడిచాయి, అప్పటికి ఆడేవాళ్లు మిగల్లేదు. "మీరన్నా చెప్పకపోతిరి కదరా," అన్నాడు ఒకరోజు నాచారం చౌరస్తాలో చాయ్ తాగుతూ. కోపం లేదు ఆ గొంతులో. ఆ తర్వాత వాడు మరో ఆట చెయ్యలేదు.

పరిపూర్ణమైన మార్కును నమ్మొచ్చా అని నన్ను ఎవరైనా అడిగితే నేను ముందు మా పక్క ఒకప్పటి ఫ్లెక్సీల సంగతి చెబుతాను. మే నెలలో ఉప్పల్ రింగు రోడ్డు మీద పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద 10/10 ఉండేవి. అప్పటి పదో తరగతి గ్రేడింగ్‌లో తొంభై ఒకటి వస్తే చాలు, పది పాయింట్లు ఇచ్చేవాళ్లు. అంటే ఆ పది నూటికి నూరు కాదు. 2021లో కరోనాతో పరీక్షలు రద్దయి, అంతకుముందు బళ్లలో వేసిన అంతర్గత మార్కులతోనే ఫలితాలు ఇస్తే, తెలంగాణలో 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది వచ్చింది. పరీక్ష పెట్టి, తెలియని చేతులతో దిద్దించిన 2024లో ఆ సంఖ్య 8,883. పిల్లల తప్పు ఇందులో వీసమెత్తు లేదు. తమ పిల్లలకు తామే మార్కులు వేసుకున్నప్పుడు ఏమవుతుందో ఆ రెండు సంఖ్యలు చెబుతున్నాయి. 2024 నవంబరులో ప్రభుత్వం గ్రేడ్లు వదిలి మార్కులకు తిరిగివచ్చింది.

విదేశీ సమీక్షకులు తమ పదికి ఒక వివరణ ఇస్తారు. ఐజీఎన్ సైటులో పది అంటే 'మాస్టర్‌పీస్', లోపమే లేనిదని అర్థం కాదు అంటారు. వాళ్ల పాఠకులకు అది సరిపోవచ్చు. మా పాఠకుడు ఆ ఫ్లెక్సీల కింద పెరిగినవాడు. అతని చెవికి పదికి పది అంటే ఇక అడగాల్సింది ఏమీ లేదని. ఇది మాకు బాగా తెలుసు, మేమూ అక్కడే పెరిగాం. తెలిసీ ఆ అంకె వాడాం, అది పలికితే ప్రశ్నలు ఆగిపోతాయనే వాడాం.

మా నాయిన నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్లు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. బుషింగులు, షాఫ్టులు వచ్చేవి ఆయన బల్ల మీదికి. గో, నో-గో గేజ్ పెట్టి చూసేవాడు. బుషింగైతే గేజ్ ఒక కొన లోపలికి పోవాలి, రెండో కొన పోకూడదు. రిపోర్టులో 'ఓకే' అన్న మాట చిట్టచివరి గడిలో ఉండేది. అంతకుముందు పార్ట్ నంబరు, బ్యాచ్, ఎన్ని ముక్కలు చూశారు, ఏ నంబరు గేజ్, ఆ గేజ్ సరిచూయించిన తేదీ. కింద సంతకం. షాఫ్టు విరిగితే ఆ కాగితం పట్టుకొని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

కుర్రాడి డిస్కు సంగతి ఇంట్లో తెలిసిన రోజు నాయిన నన్ను తిట్టలేదు. అన్నం తింటూ ఒక్కటే అడిగాడు. "నువ్వు ఏ గేజ్‌తోని చూసినవ్ రా?" పీసీ మీద చూశామన్నాను. "వాని దగ్గర ఉన్నది అదేనా?" కాదన్నాను. "మరి ఓకే ఎట్ల రాసినవ్?"

ఇంత జరిగాక మారామా? లేదు. 2023 సెప్టెంబరులో అదే ఆటకు 2.0 అప్‌డేట్, దాని వెంటే 'ఫాంటమ్ లిబర్టీ' అనే అనుబంధ భాగం వచ్చాయి. ఆట నిజంగా బాగైంది, లోకమంతా మెచ్చుకుంది. మేం మళ్లీ అదే డాబా గదిలో, ఈసారి ఇంకా మంచి కార్డుతో ఆడాం. పోయిన పరువు తిరిగొచ్చిందన్న ఆనందంలో మళ్లీ పదికి పది అన్నాం. ఆ రెండూ పీఎస్4కు రాలేదు. పాత మెషీన్లకు పెద్ద అప్‌డేట్లు అంతకు ఏడాది ముందు 1.6 అప్‌డేట్‌తోనే ఆగిపోయాయి. మొదట మోసపోయినవాళ్లలో ఆ పాత మెషీన్ తప్ప మరొకటి లేనివాళ్లకు బాగైన ఆట అందనే లేదు. ఆ మాట మా రెండో వీడియోలోనూ లేదు. వెనక వీధి కుర్రాడు ఈసారి మమ్మల్ని ఏమీ అడగలేదు.

ఇప్పుడు వాడు ఉద్యోగంలో ఉన్నాడు. మొన్న సంక్రాంతికి ఇల్లు మారుతూ, పీఎస్4 అమ్ముతున్నానన్నాడు. నేను కొంటానన్నాను. ఎందుకన్నా అని అడిగితే చెప్పలేకపోయాను. డిస్కు కూడా ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

మెషీన్ నా గదిలో ఉంది. నాయిన పాత రిపోర్టు పుస్తకంలో ఖాళీ కాగితాలు మిగిలి ఉంటే ఒకటి చించుకున్నాను. పార్ట్ నంబరు దగ్గర ఆట పేరు, గేజ్ దగ్గర పీఎస్4, బ్యాచ్ దగ్గర 1.6 తర్వాతి చివరి రూపం, తేదీ రాశాను. నిన్నటికి ఆరు గంటలు ఆడాను. రెండుసార్లు ఆగిపోయింది, ఒకటి మార్కెట్ వీధిలో, ఇంకొకటి కారులో వెళ్తుండగా. సమయంతో సహా రాసుకున్నాను. సంతకం చేశాను. చివరి గడి ఇంకా నింపలేదు.