పెళ్లి ఫొటో ఎవరిది?

గండికోట లోయ అంచునో, ఓర్వకల్లు రాళ్ల మధ్యనో కొత్త జంటను నిలబెట్టి తీసిన ఫొటో ఎవరి సొత్తు? తీసింది నేను కాబట్టి నాదేనంటాడు ఫొటోగ్రాఫర్. డబ్బులిచ్చింది మేము కదా అంటారు పెళ్లివారు. చట్టం చాలావరకు పెళ్లివారి వైపే ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకైనా, వీడియోకైనా తొలి హక్కుదారు తీయించుకున్నవారేనని 1957 కాపీరైట్ చట్టంలోని 17(బి) సెక్షన్ చెబుతోంది. వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప ఈ నియమం మారదు. అమెరికాలో సాధారణంగా హక్కు తీసినవారిది. అక్కడి పత్రాలు చూసి ఇక్కడా అంతేనని నమ్మే స్టూడియోలు ఈ తేడా తెలుసుకోవాలి.

అయితే తీయించుకున్నవారంటే ఎవరు? మన కర్నూలు, కడప పెళ్లిళ్లలో అడ్వాన్సు చేతిలో పెట్టేది ఎక్కువగా అమ్మాయి తండ్రో, అబ్బాయి తండ్రో. ఫొటోలో ముఖం మాత్రం అమ్మాయిది. రేపు ఆ ఫొటో స్టూడియో ఫ్లెక్సీ మీదో, ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో కనబడితే ‘మీ నాన్నను అడిగాం’ అన్న జవాబు ఆమెకు సరిపోతుందా? సరిపోదని నేను గట్టిగా నమ్ముతున్నాను. బ్రిటన్ 1988లో కాపీరైట్‌ను ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చినప్పుడు, సొంత అవసరానికి తీయించుకున్న ఫొటో బయటికి పోకుండా ఆపే హక్కును తీయించుకున్నవారికి విడిగా ఇచ్చింది. మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది నిజమే. కానీ ఒక్క ఫొటోను తొలగింపజేసేందుకు కొత్త కోడలు కోర్టు మెట్లెక్కే పరిస్థితి మన ఇళ్లలో ఉందా?

అలాగని ఫొటోగ్రాఫర్ ఉత్త చేతులతో మిగలడు. కాపీరైట్ ఎవరిదైనా, ఆ ఫొటోకు కర్త అతనే. తన పేరు చెప్పుకునే హక్కు, పరువు పోయేలా ఫొటోను వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కు 57వ సెక్షన్ కింద అతనికే ఉంటాయి.

అసలు తగాదాలు ముదిరేది బ్యాలెన్సు దగ్గర. ‘బుడ్డలు అమ్మినాక ఇస్తాం’, ‘కువైట్ నుంచి డబ్బు రాగానే ఇస్తాం’ అనే మాటల్లో మోసం ఉండనక్కర్లేదు. వాన ముఖం చాటేస్తే ఈ నేల మీద ఎవరి మాటైనా తప్పుతుంది. కానీ ఈలోపే ఫొటోగ్రాఫర్ డ్రోన్ కుర్రాడికి, క్యాండిడ్ కెమెరామన్‌కు, ఆల్బం ల్యాబుకు చెల్లించి ఉంటాడు. అందుకే హార్డ్ డిస్క్ దగ్గర పెట్టుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేను. డబ్బు, ఆల్బం ఒకేసారి చేతులు మారాలన్నది ఒప్పందమైతే, అవతలివారు సిద్ధంగా లేనప్పుడు తన వంతు ఆపుకోవచ్చని 1872 కాంట్రాక్టు చట్టం 51వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట కాగితం మీద లేకపోతే రుజువు చేయడమే కష్టం.

ఆల్బం రాకపోయినా, తాళి కట్టే ఘట్టమే డిస్కులో చెడిపోయినా కుటుంబం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. హైదరాబాద్ బృందాన్ని పిలిపించుకున్నా, సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. డబ్బు రాని ఫొటోగ్రాఫర్‌కు ఆ తలుపు తెరుచుకోదు. అతనికి మిగిలేది సివిల్ కోర్టు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్తే మేలు. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం.

వీటిలో చాలా తగవులు అడ్వాన్సు తీసుకున్న రోజే తెలుగులో రాసుకున్న ఒక్క కాగితంతో ఆగిపోతాయి. బ్యాలెన్సు ఎప్పుడివ్వాలి, ఆల్బం ఎన్ని నెలల్లో వస్తుంది, ఎడిట్ చేయని ఫైళ్లు ఇస్తారా, డిస్కును ఎంతకాలం దాస్తారు, ప్రచారానికి ఏ ఫొటోలు వాడుకుంటారు అన్నవి అందులో ఉండాలి. ఈ చివరి అంశం కింద పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఎవరికి వారే సంతకం చేయాలి. పెద్దల సంతకం చాలదు. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం జరుపుకునే ఫొటోగ్రాఫర్ల సంఘాలు, శ్రావణ ముహూర్తాలకు ముందే ఇలాంటి పత్రం అచ్చువేయించి పల్లె స్టూడియోల దాకా పంచాలి.