తాళాలు కందిపప్పు డబ్బాలో

తార్నాకలో మా ఇంటి నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా పొద్దున్నే నడిచి రావడం నాకూ మావారికీ ఏళ్ల తరబడి అలవాటు. కిందటి ఆదివారం యూనివర్సిటీ రోడ్డు మీద నడుస్తుంటే రెండు మోటార్ సైకిళ్లు పక్కనుంచే రివ్వున దూసుకుపోయాయి. చీర కొంగు ఎగిరి మొహం మీద పడింది. "ఏ తల్లి కన్న బిడ్డలో!" అనుకుంటూ కొంగు సర్దుకుని చూస్తే ఏముంది, వెనక బండి మాదే. నడిపేది మా అబ్బాయి. నెత్తిన హెల్మెట్ కూడా లేదు!

ఇంటికొచ్చాక ఎంత రభస జరిగిందో మీకు వేరే చెప్పాలా? తాళాలు లాక్కుని కందిపప్పు డబ్బాలో దాచేశాను. మా దగ్గరుండి ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కూతురు మాత్రం, "తాళాలు దాస్తే స్పీడు పిచ్చి పోతుందా పెద్దమ్మా? వాడికి అసలు రేసంటే ఏమిటో చూపించాలి" అంది. రేసులు చూసే కదే వీడిలా తయారయ్యాడు అన్నాను. "చూడకే తయారయ్యాడు" అంది.

ఆ రాత్రి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ రేసు చూపించింది. మన దేశంలో ఆ రేసు జరగడం అదే మొదటిసారి. అప్పట్లో రోడ్లు మూసేశారని విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను లెండి. 2.83 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. అన్నీ కరెంటు కార్లే. ఆ రేసులో మధ్యలో చార్జింగ్ లేదు, ఉన్న బ్యాటరీతోనే చివరిదాకా లాక్కురావాల్సి వచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా కాస్త కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. గెలిచిన ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర చివర్లో, వెనక తరుముకొస్తున్న నిక్ కాసిడీ కన్నా తక్కువ కరెంటు మిగిలింది. అయినా పొదుపుగా వాడుకుంటూ, దారివ్వకుండా గట్టెక్కాడు. నెలాఖరున సిలిండర్ అయిపోవస్తుంటే మంట తగ్గించి మూతపెట్టి వంట కానిచ్చే మనకి ఇది అర్థం కాకపోవడమేమిటి? నేనైతే కుర్చీ అంచుకి వచ్చేశాను!

మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీని, అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడాడని కిందికి దించేశారు. అంత ఆరితేరినవాళ్లు కూడా హెల్మెట్టూ, మంటలకి తట్టుకునే బట్టలూ, బెల్టులూ లేనిదే కదలరు. మా వాడు ఆ సంగతి నా మొహం చూడకుండా విన్నాడు.

2024లో జరగాల్సిన రేసు రద్దయింది. క్యాంపస్ రోడ్డు మీద రేసులు మాత్రం రద్దు కాలేదు! పిల్లలకి ఈ ఆట మీద ఇష్టం కలిగించాలంటే టీవీలో చూపించి ఊరుకుంటే చాలదని నాకనిపిస్తుంది. కార్టింగ్ ట్రాక్ మీద ఒక్కసారైనా కూర్చోబెట్టాలి. ఖర్చేనండీ, కాదనను. కానీ బండికి పోసే పెట్రోలు లెక్కా చూసుకోవాలిగా!

ఆడపిల్లల్ని మర్చిపోకండి. వాళ్ల కోసమే ఎఫ్-1 అకాడమీ అని 2023లో ప్రత్యేకంగా రేసులు మొదలుపెట్టారు. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కారు తయారుచేసి పోటీకి దిగే బాహా కూడా మన దేశంలో ఉంది. మా అమ్మాయి అందుకోసం వెల్డింగ్ నేర్చుకుంటానంటోంది. మా చెల్లెలికి ఇంకా చెప్పలేదు.

వచ్చే ఆదివారం ఇద్దర్నీ కార్టింగ్‌కి తీసుకెళ్తున్నాం. బండి తాళాలు మాత్రం ఇంకా పప్పు డబ్బాలోనే ఉన్నాయి.