మెరుగు వేరు, ముసుగు వేరు

నేడు విద్యార్థి చేతిలోని ఫోను ఒక ముద్రణాలయమును, ఒక నాటకశాలయును గూడ అయినది. దాని ద్వారమున తమ మాటను లోకమునకు వినిపింపగోరు బాలబాలికలను ఒక సందేహము వేధించుచున్నది. ఉన్నది ఉన్నట్లు పలుకవలెనా, నగిషీ చెక్కి పలుకవలెనా? సహజత్వము గోరువారు మెరుగును కృత్రిమమని నిరసింతురు. మెరుగు గోరువారు సహజత్వమును మోటుదనమని పరిహసింతురు. ఇరువురును విషయమును సగమే చూచుచున్నారు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 2012లో ఆరంభమైన ‘మై విలేజ్ షో’ యూట్యూబు చానలు ఇందుకు నిదర్శనము. దానివలన పేరొందిన గంగవ్వ కూలిపనులతో జీవితము గడపిన వృద్ధురాలు. ఆమె తన ఊరి మాటను మార్చుకొనలేదు. ఆ మాటతోడనే 2020లో తెలుగు బిగ్‌బాస్ నాలుగవ విడతలో పాల్గొనెను. చూచువారికి ఆ వీడియోలలో అంతయు అప్రయత్నముగ జరిగినట్లే తోచును. కాని కథ అల్లినవారు, కెమెరా పట్టినవారు, అనవసరభాగములను కత్తిరించినవారు తెరవెనుక ఉన్నారు. నూరేండ్లు దాటిన వయస్సులో ‘కంట్రీ ఫుడ్స్’ చానలు ద్వారా దేశదేశముల అభిమానులను సంపాదించి, 2018లో కన్నుమూసిన మస్తానమ్మ వంటలును అట్టివే. కట్టెలపొయ్యి, చేతివాటము ఆమెవి. వానిని చక్కగ చూపిన నేర్పు యువకులది. ఈ రెండుచోట్లను మెరుగు మనిషిని కప్పివేయలేదు, కనబడజేసినది.

తెలుగు సాహిత్యమునకు ఇది క్రొత్త పాఠము గాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. అంతటితో తృప్తిజెందక ఆయన దానిని పెంచి, మార్చి, 1909లో రెండవ కూర్పుగ వెలువరించెను. గిరీశము మాటలు, మధురవాణి మాటలు వీధిలో విన్నట్లే యుండుటకు వెనుక అంతటి పునర్లేఖనము కలదు. సహజముగ వినిపించు మాట సైతము శ్రమఫలమే.

మరి దోషమెక్కడ నున్నది? ముసుగులో నున్నది. శ్రీకాకుళపు బాలుడో, పాలమూరు బాలికయో ఇంటిమాటను దాచి, ఎరువు తెచ్చుకొన్న గొంతుతో మాట్లాడుట ఒక ముసుగు. ఫిల్టరుతో దేహచ్ఛాయను మార్చుకొనుట మరియొకటి. పనిగట్టుకొని మోటుదనము నటించుట, యాసను నవ్వులపాలు చేయుట, కెమెరా కొరకు కన్నీరు గార్చుట కూడ ముసుగులే. సహజత్వము సంతలో సరుకైననాడు దానికిని నకిలీలు పుట్టక మానవు.

ఈ భేదమును పాఠశాలలోనే తెలియజెప్పుట యుక్తము. విద్యార్థి వీడియోలో వెలుతురు చాలనిచో కిటికీ దగ్గర నిలువుమని ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. సాగదీసినచోట తగ్గింపుమనవచ్చును. తప్పుడు వివరమును తప్పక దిద్దవలెను. కాని ఇంటిమాట విని నవ్వరాదు, తోటిపిల్లలను నవ్వనీయరాదు. తరగతిలో ఒకసారి నవ్వులపాలైన బాలిక మరల తన గొంతుతో మాట్లాడుటకు వెనుదీయును. అటుపిమ్మట ఆమె ఎంత ముద్దుగ పలికినను అది ఇతరుల పలుకే యగును.

నున్నని వాక్యమును, మచ్చలేని కంఠమును కృత్రిమమేధ క్షణములో తయారుచేసి యిచ్చుచున్న కాలమిది. నునుపు ఇంత చౌకయైనప్పుడు, తాను చూచినది, తాను విన్నది, తాను పలుకు తీరు — ఇవియే విద్యార్థికి మిగులు సొత్తు. ఆ సొత్తును దాచిపెట్టుట గాక, దిద్దుకొనుట నేర్పు గురువు నేటి పిల్లలకు అత్యవసరము.