అతుకు విరిగిన చోటనే పరిశోధన

ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టు పనికై ఎన్నుకొనే అంశాలలో ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ నేడు విశేష ఆదరణ పొందుతున్నది. ఆ ఆదరణ సమంజసమే. అయితే దాని పేరిట జరుగుతున్న పనిలో పరిశోధన అనదగినది ఎంత అన్న ప్రశ్నను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ వారి ముందు ఉంచదలచాము.

అల్యూమినియాన్ని కరిగించి అతకడం కష్టసాధ్యం. కరిగిన లోహం హైడ్రోజన్‌ను పీల్చుకొని, గడ్డకట్టేటప్పుడు దానిని విడిచి, అతుకులో సూక్ష్మ రంధ్రాలను మిగుల్చుతుంది. విమానాలకు వాడే బలమైన మిశ్రలోహాలు అనేకం చల్లారుతూ పగుళ్లు వారుతాయి. ఈ చిక్కులకు 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేన్ థామస్, ఆయన సహచరులు మార్గం చూపారు. గట్టి ఉక్కు పనిముట్టు గిరగిర తిరుగుతూ రెండు పలకల సంధిలోకి దిగుతుంది. ఘర్షణవేడికి లోహం కరగకుండానే మెత్తబడుతుంది. కవ్వం పెరుగును చిలికినట్లు పనిముట్టు దానిని కలియబెడుతూ ముందుకు సాగుతుంది. పూరక లోహం అక్కరలేదు, పొగ లేదు. అమెరికా స్పేస్ షటిల్ ఇంధన ట్యాంకులను సైతం ఈ పద్ధతిలో అతికారు.

వర్కుషాపులోని వర్టికల్ మిల్లింగ్ మెషిన్ మీదనే పలుచని పలకలను అతకవచ్చును గనుక ఈ విద్య మన వంటి కళాశాలలకు అందుబాటులో ఉన్నది. కాని పని తరచు ఒకే మూసలో సాగుతున్నది. పనిముట్టు తిరిగే వేగం, ముందుకు సాగే వేగం, పనిముట్టు వంపు – ఒక్కొక్కదానికి 3 విలువలు తీసుకొంటే 27 కలయికలు ఏర్పడతాయి. వానిలో 9 మాత్రమే చేసి, అతుకులను లాగి తెంపి, ఎక్కువ బలం చూపినదానిని ఉత్తమమని ప్రకటిస్తారు. అంతటితో గ్రంథం సమాప్తం!

ఆ ఉత్తమ సంఖ్య ఆ మెషిన్‌కు, ఆ పనిముట్టుకు, ఆ పలకకు చెందినది. మరొక చోట అది చెల్లకపోవచ్చును. పైగా తిరిగే వేగం వేడిని పెంచుతుంది, సాగే వేగం తగ్గిస్తుంది. ఒకదాని ఫలితం రెండవదానిపై ఆధారపడి ఉంటుంది. ఈ పొత్తును 9 ప్రయోగాలు విడదీసి చూపజాలవు.

మిగిలిన అతుకులు ఎందుకు తెగినవి? వేడి చాలక లోహం సరిగా కలియకపోతే లోపల సొరంగం వంటి ఖాళీ మిగులుతుంది. వేడి మితిమీరితే 6061-టి6 వంటి మిశ్రలోహానికి బలమిచ్చే సూక్ష్మ కణాలు కరిగిపోయి లేదా ముతకబారి అతుకు పరిసరం మెత్తబడుతుంది. రోగాలు రెండు, చికిత్సలు రెండు. ఈ భేదం తెలియని పట్టభద్రునికి రేపు కర్మాగారంలో అతుకు తెగితే సంఖ్యల పట్టిక ఏపాటి అండ?

నిధులు లేవన్న మాట వినవస్తుంది. తెగిన ముక్కను కోసి, నునుపు చేసి, ఆమ్లంతో తుడిచి సూక్ష్మదర్శినిలో చూడడానికి, అతుకుకు అడ్డంగా గట్టిదనం కొలవడానికి, థర్మోకపుల్‌తో వేడి గమనించడానికి కొత్త యంత్రమంత వ్యయం కాదు. కావున కొత్త యంత్రం కొనకముందే కమిటీ వారు ఈ సాధనాలను సమకూర్చవలెనని మా మనవి. తెగిన ముక్కలను పారవేయక, వివరాలు వ్రాసి, తరువాతి తరగతికై భద్రపరచవలెను. మార్కులు బలమైన అతుకుకు గాక, తెగుటకు చెప్పిన సరియైన కారణానికి దక్కవలెను. అప్పుడే ఈ విద్య మన చేతికి వచ్చినట్లని మా విశ్వాసం.